బిగబట్టు

ముప్పయ్యొక్క ఏండ్లు ఎక్స్‌రే గదిలో నిలబడి
ముందరికి వచ్చిన ప్రతి ఎదకీ మూడే మాటలు చెప్పినా:
పీల్చు. బిగబట్టు. వదులు.
చిత్తూరు పెద్దాస్పత్రి గోడల సున్నంలో
ఆ మూడూ ఇంకా ఇంకిపోయే ఉంటాయి.

ఇప్పుడు గ్రీమ్స్‌పేటలో, మా ఇంటి వెనక వసారాలో
చాప పరుచుకుని చుట్టలు చుడతా ఉండాను.
నవ్వుకోండి. మణెమ్మ నవ్వీ నవ్వీ
ఇప్పుడు మానుకునింది.

ఆకు గుడియాత్తం నుంచి వస్తాది,
బస్సులో కండక్టరు సీటు కింద, గోనెపట్టాలో.
మొదటి రోజు ముట్టుకుంటే పెటపెట విరుగుతాది.
తొందరపెట్టకూడదు దాన్ని.
తడిగుడ్డ కప్పి ఒక రాత్రి దాని మానాన వదిలేసి
తెల్లారి బెల్లం నీళ్లు చిలకరిస్తే
మేకపిల్ల చెవి మాదిరి
చేతిలో వాలిపోతాది.

ఈనె తీయడం నాకు ఎవురూ నేర్పలా.
పలమనేరు పక్కన మా అవ్వ తీస్తా ఉంటే చూసినా.
గోటితో గీరి ఒక్క లాగు లాగితే
ఆకు రెండయ్యేది, చప్పుడు లేకుండా.
నాది చినుగుతాది. ఇప్పటికీ. పదిలో నాలుగు.
ఆమె ఎంగిలితో అంటించేది, నేను గంజి వాడతాను.
ఆస్పత్రిలో పనిచేసినోణ్ణి, ఎంగిలికి మనసు రాదు.

పై ఆకుకి బొక్కలుండకూడదు.
పాత సామాన్ల వేలంలో నూటెనభైకి పాడుకున్న
లైటుపెట్టె ఒకటుంది, ఫిలిం పెట్టి చూసేది, మూల పగిలింది.
ఈనె తీయకముందే ఆకు దాని మీద పరిచి స్విచ్చి వేస్తాను.
రెండుసార్లు మినుకుమని వెలుగుతాది.
నడుమ వెన్ను, అటూ ఇటూ పక్కటెముకలు.
ఎక్కడ పురుగు తినిందో, ఎక్కడ మచ్చో, ఎక్కడ మబ్బో,
కండ్లు రిపోర్టు రాసేస్తాయి, నన్ను అడక్కుండా.

కొలతకి పాత ఫిలిం ముక్క పెట్టుకున్నా,
ఏటవాలుగా నేనే కత్తిరించింది.
దాని మీద ఎవురిదో భుజం, సగం నంబరు:
నలభై ఏడు. మిగతాది తెగిపోయింది.
ఎవురో ఏమో, వాళ్ల భుజం కొలతకి
ఇప్పటికి మున్నూరు చుట్టలు కోసినా.

నేను తాగను. పొగ నాకు పడదు.
తాగేది ఏకాంబరం. బెల్లం మండీలో తూకం వేసినోడు.
ఆదివారం పది గంటలకు వచ్చి గోడకి ఆనుకుంటాడు.
"ఒక పక్కే కాల్తా ఉండాదిరా."
"బిగువెక్కువైంది, గాలి రాలా."
"ఇది చుట్టనా, మా ఎద్దు తోకనా?"
తూకం మనిషి కదా, గురిగింజెత్తు తప్పు ఓర్చుకోడు.
ఒకే ఒక్కసారి బూడిద అంగుళంన్నర
రాలకుండా నిలబడింది. ఇద్దరం మాట్లాడలా.
కాఫీ తెచ్చిన మణెమ్మ, అడుగేస్తే రాల్తాదేమోనని
గుమ్మంలోనే ఆగిపోయింది.

పోయిన కార్తీకంలో వాని ఫిలిం
వాడే కవర్లో పెట్టుకుని తెచ్చినాడు.
పెట్టె మీద ఆనించినా.
కింద, ఒక పక్క, బొట్టుబిళ్లంత.
చూసి చెప్పేది డాక్టరు పని, నాది కాదు అంటా
ఇన్నేండ్లు తప్పించుకుంటా వచ్చినోణ్ణి.
ఆ పొద్దు చెప్పినా: "ఇంక వద్దురా."
వాడు ఫిలిం చూడనే లేదు. పక్కనున్న ఆకుని తడిమి
"ఇది మంచి ఆకు" అన్నాడు.

ఇప్పుడూ వస్తాడు, ఆదివారం, అదే పదికి.
అగ్గిపెట్టె మణెమ్మ కొంగు ముడిలో ఉంటాది.
కొత్త చుట్ట తీసి, ముక్కు కింద అటూ ఇటూ నడిపి,
వెలిగించకుండా పండ్ల నడుమ పెట్టి గాలి లాగుతాడు.
నా నోట్లోంచి అలవాటుగా వచ్చేస్తాది:
పీల్చు. బిగబట్టు.
బుగ్గలు ఉబ్బించి నా వంక చూస్తా ఉంటాడు.
మూడో మాటకి నాకు నోరు రాదు.
కడకు వాడే వదిలేసి, చుట్టని వేళ్ల మధ్య తిప్పి చూసి,
"ఈ తూరి బిగువు సరిపోయింది" అంటాడు.
"ఇంకో రెండు చుట్టు."